ఒడ్డే ఓడయైన దీవి

బొనైర్ ద్వీపపు పడమటి తీరము వెంబడి సాగు ఇరుకు రోడ్డుపై, ఒకప్రక్క జెముడు పొదలును మరియొకప్రక్క నీలి సముద్రమును కనిపించుచుండగా, అక్కడక్కడ పసుపు రంగు పూసిన రాయి యొకటి నేలమీద నుండును. దానిపై నల్లని అక్షరములతో ఒక పేరు వ్రాసియుండును. ఆ రాయి ప్రక్కన బండి నిలిపి, గాలి సిలిండరు వీపునకెత్తుకొని, పది పన్నెండడుగులు నడచి నీటిలో దిగి, కొన్ని నిమిషములు ఈదినంతనే మనుష్యుడు పగడపు దిబ్బ అంచున నుండును. సముద్రగర్భములోనికి ఇంతకంటె నిరాడంబరమైన ద్వారము నేనెరిగినంతలో మరియొకటి లేదు. వేళకు రేవు చేరవలసిన పని లేదు. మనకంటె ముందు దిగవలెనని తొందరపడు వారు లేరు. తెల్లవారుజామున దిగుదుమో, సంధ్యవేళ దిగుదుమో, అది మన యిష్టము.

ఒడ్డునుండి దిగు ఈ డైవింగునకు ప్రపంచమున బొనైర్‌ను మించిన చోటు లేదని ఆ విద్యనెరిగినవారు చెప్పుదురు. ఆ మాటతో నాకు పేచీ లేదు. అయితే, ఈ స్వేచ్ఛను కొనియాడువారు దానితోపాటు వచ్చు బరువును గూర్చి తగినంతగా చెప్పరనియే నా ఫిర్యాదు. అండమానులో గాని, కర్ణాటక తీరమున నేత్రాణి యొద్ద గాని స్కూబా నేర్చిన మనవారికి అలవాటైనది పడవ. ఆ పడవమీద ఒక అనుభవజ్ఞుడుండును. గాలి ఎటు వీచుచున్నదో, నీరు ఎటు లాగుచున్నదో, ఎక్కడ దింపవలెనో, ఎంతసేపటికి పైకి రమ్మనవలెనో, మనము దారి తప్పి ఎక్కడ తేలినను ఎట్లు వచ్చి ఎక్కించుకొనవలెనో, సమస్తమును అతడే చూచుకొనును. బొనైర్ ఒడ్డున ఆ మనిషి లేడు. అతని పనులలో మాత్రము ఒక్కటియు తగ్గలేదు. అవి యన్నియు మన తలమీదికి వచ్చి చేరినవి. ఈ సంగతిని ముందుగా గ్రహించి సెలవులను అమర్చుకొనువానికి ఆ ద్వీపము కల్పవృక్షము. గ్రహింపనివానికి, డబ్బును ఓపికను హరించి, ఒక్కొక్కప్పుడు ప్రాణము మీదికి తెచ్చు చోటు.

ఇది తెలుగు పత్రికలో వ్రాయుటకు కారణము కలదు. హ్యూస్టన్, అట్లాంటా నగరములనుండి ఈ ద్వీపమునకు నేరుగా విమానములు నడచుచున్నవి. ఆ రెండు నగరములలోను మన తెలుగు కుటుంబములు వేలకొలది కలవు. మా మేనల్లుడు హ్యూస్టన్‌లో ఉద్యోగి. అతడును, అతని భార్యయు, వారిని చూడబోయిన నేనును కలిసి అక్కడికి వెళ్లితిమి. బయలుదేరుటకు రెండు నెలల ముందే అతడొక కాగితము తయారుచేసి నా ముందు పెట్టెను: ఐదు రోజులు, ఇరువది డైవులు, ఇరువది చోట్లు.

“గాలి ఎంత కావాలంటే అంత ఇస్తారు మావయ్యా. రోజుకి నాలుగు చొప్పున వేసుకుంటే ఒక్కోదానికి ఎంత తక్కువ పడుతుందో చూడండి” అనెను.

లెక్క తప్పు కాదు. అక్కడి డైవింగ్ షాపులలో వారమునకింతయని చెల్లించినచో సిలిండర్లు ఎన్నియైనను తీసికొనవచ్చును. కాని తిరుపతి కొండకు పోయి వచ్చు దారిలో ఏడు గుళ్లు చూచితిమని చెప్పుకొను యాత్ర వంటి దిది. ఏ గుడి గోపురము ఎట్లున్నదో ఇంటికి చేరునప్పటికి జ్ఞాపకముండదు. నేనా కాగితమును కొట్టివేయించి, పది రోజులు, రోజునకు రెండు డైవులు, చోట్లు ఏడెనిమిదికి మించరాదని పట్టుపట్టితిని. ఈ వ్యాసమున నేను చెప్పదలచినది ముఖ్యముగా ఇదియే; తక్కినది దానికి కారణములును, దానిని ఆచరించుటకు కావలసిన వివరములును.

మొదట ఆ భూమి స్వభావము తెలియవలెను. వెనెజువెలా తీరమునకు సుమారు 80 కిలోమీటర్ల దూరమున, కరీబియన్ సముద్రపు దక్షిణపు అంచున, పొడవు 40 కిలోమీటర్లకు లోబడిన చిన్న దీవి యిది. 2010 అక్టోబరు 10 మొదలు నెదర్లాండ్స్ దేశమున ఒక ప్రత్యేక పురపాలకమైనది. 2011 నుండి అమెరికా డాలరు చెల్లుచున్నది. అక్షాంశమును బట్టి చూచినచో మన పుదుచ్చేరికి సాటి. ఎండ మనకు కొత్త కాదు, వాన మాత్రము బహు స్వల్పము. ఏడాది పొడవున తూర్పునుండి వ్యాపార పవనములు ఎడతెగక వీచుటచేత తూర్పు తీరము నిత్యము నురుగులు గ్రక్కుచుండును. ద్వీపమే గోడయై అడ్డు నిలుచుటచేత పడమటి తీరము చెరువువలె నిశ్చలముగా నుండును. ఈ పడమటి తీరముననే, దాని కెదురుగా నున్న ‘చిన్న బొనైర్’ అను నిర్జనమైన దీవి చుట్టునే, డైవింగు జరుగును. నదులు లేవు గనుక బురద నీరు లేదు. ముప్పది మీటర్ల దూరము వరకు స్పష్టముగా కనిపించు రోజులు సామాన్యము. నీటి వేడిమి 26 డిగ్రీలకు తగ్గదు, 30 డిగ్రీలకు మించుట అరుదు. దిబ్బ ఒడ్డును అంటియే పెరిగినది: పది మీటర్ల లోతు వరకు మెల్లగా దిగి, అక్కడనుండి ముప్పది నలుబది మీటర్ల వరకు ఏటవాలుగా జారిపోవును.

తుఫానుల దారికి దక్షిణముగా నుండుటచేత ఏ నెలలోనైనను వెళ్లవచ్చునని చెప్పుదురు. సామాన్యముగా నిజమే. కాని 1999 నవంబరులో లెన్నీ యను తుఫాను పడమటి దిక్కునుండి వచ్చి, ఎన్నడును అలల దెబ్బ యెరుగని ఆ తీరపు పగడములను పిండి చేసెను. గాలి తిరుగబడు రోజులు ఏటేట కొన్ని వచ్చుచునే యుండును; ఆ రోజున నీటిలో దిగకుండుటయే నేర్పు. ఐదు రోజుల సెలవులో రెండు రోజులు అట్లు పోయినచో మిగిలిన మూడు రోజులలో ఆశకొద్దీ దిగి తప్పులు చేయుదుము. పది రోజుల సెలవులో ఆ రెండు రోజులు లెక్కకు రావు.

ఇంత పగడము అక్కడ మిగిలియుండుట కేవలము ప్రకృతి కృప కాదు. 1962లో డాన్ స్టువర్ట్ అను అమెరికా నావికుడొకడు తన తెరచాప ఓడలో అక్కడికి చేరి, అక్కడనే నిలిచిపోయి, ద్వీపమున డైవింగునకు ఆద్యుడైనాడు; వచ్చిన తొలినాళ్లలో తానును ఈటెతో చేపలను వేటాడినవాడే, పిమ్మట ఆ వేటను మాన్పించుటకును, లంగరులు పగడములను చీల్చకుండ స్థిరమైన బోయాలను కట్టించుటకును పాటుపడెను. ఈటె వేటను 1971లో నిషేధించిరి. 1979లో ద్వీపము చుట్టునున్న సముద్రమంతయు, ఆటుపోటుల గీత మొదలు అరువది మీటర్ల లోతు వరకు, రక్షిత సముద్ర ఉద్యానమైనది. ఒక చిన్న ద్వీపపు ప్రజ తనంతట తాను తన సముద్రమునకు హద్దులు గీసికొని కాపాడుకొన్న ఈ సంగతి నాకు ఆ పగడములకంటె సుందరముగా తోచినది.

కనుక ఉద్యానపు రుసుము నలుబది డాలర్లు అడిగినప్పుడు ముఖము చిట్లింపకుడు. అది ఆ సంవత్సరాంతము వరకు చెల్లును. ఉత్తరమున నున్న వాషింగ్టన్ స్లాగ్‌బాయి జాతీయ వనములో ప్రవేశమునకును అదియే చాలును. విదేశీ యాత్రికులు ద్వీపమున అడుగుపెట్టుటకు చెల్లింపవలసిన డెబ్బది అయిదు డాలర్ల పన్ను వేరు. ఇవి రెండును ఇంటివద్దనే, ఆన్‌లైనులో చెల్లించుకొని రసీదు ఫోనులో నుంచుకొనుట మేలు. మొత్తములు మారుచుండును గనుక ప్రయాణమునకు ముందొకసారి చూచుకొనవలెను. కాగితముల విషయమున మనవారు పొరపడు చోట్లు రెండు. బొనైర్ నెదర్లాండ్స్‌లో భాగమైనను షెంగెన్ ప్రాంతము కాదు. యూరపు వీసా యున్నది గదాయని భారత పాస్‌పోర్టుతో బయలుదేరక, కరీబియన్ వీసా నిబంధనలు తమకెట్లు వర్తించునో నెదర్లాండ్స్ రాయబార కార్యాలయమువారి సమాచారములో చూచుకొనవలెను. అమెరికాలో ఉద్యోగపు వీసాపై నున్నవారు, వెళ్లుట కంటె తిరిగివచ్చుట ముఖ్యమని గుర్తుంచుకొని, పాస్‌పోర్టులోని వీసా ముద్ర గడువు ముగిసినదేమో చూచుకొనిన తరువాతనే టిక్కెట్టు కొనవలెను.

వంటగది యున్న అద్దె ఇల్లు హోటలుకంటె హితవు. ద్వీపమున మేకమాంసపు పులుసును చేపలును ప్రసిద్ధములు. శాకాహారులకు మాత్రము హోటళ్లలో దొరకునది కొంచెము. అంగడి సరుకంతయు ఓడలలోను విమానములలోను దిగుమతి యగునదే కాబట్టి ధరలు హెచ్చు. మా కోడలుపిల్ల హ్యూస్టన్ నుండి తెచ్చిన కందిపొడియును ఆవకాయయును మమ్ము పది రోజులు కాపాడినవి. ఉప్పునీటిలో గంట గడపి వచ్చినవానికి వేడి అన్నములో కందిపొడి ఎట్లుండునో అనుభవించియే తెలిసికొనవలెను. కొళాయి నీరు సముద్రపు నీటిని శుద్ధిచేసినది, నిర్భయముగా త్రాగవచ్చును.

బండి విషయము కొంచెము నిలిచి చెప్పవలెను, ఏలనన బొనైర్‌లో బండియే మన పడవ. అందరును అద్దెకు తీసికొనునది వెనుక తొట్టిగల పికప్ ట్రక్కు. అది చాలవరకు చేతితో గేర్లు మార్చునదే గనుక, అమెరికాలో ఆటోమేటిక్ బండ్లకు అలవాటుపడిన పిల్లలకు ముందుగా అభ్యాసము అవసరము. సిలిండర్లు దొర్లకుండ పట్టియుంచు చట్రము తొట్టిలో నున్నదో లేదో చూచుకొనుడు. మనము నీటిలో నుండగా బండి రోడ్డు ప్రక్కన గంటకు పైగా ఒంటరిగా నిలిచియుండును. దొంగతనములు జరుగుచునే యుండుటచేత అక్కడివారు చెప్పు మాట ఒక్కటే, బండిలో ఏమియు నుంచకుడు, తలుపులకు తాళము వేయకుడు. తాళమున్నచో లోపల ఏదో యున్నదని అద్దము పగులగొట్టుదురట. పాస్‌పోర్టు, ఫోను, డబ్బు ఇంటిలో నుంచి, తువ్వాలు, నీళ్లసీసా, పాత చొక్కా మాత్రము తీసికొని పోవుట మాకలవాటైనది. మరియొకటి: ‘వెయ్యి మెట్లు’ అను చోటు (మెట్లు నిజమునకు అరువది డెబ్బదియే, సిలిండరుతో ఎక్కునప్పుడు ఆ పేరు ఏల వచ్చినదో బోధపడును) దాటిన కొంతదూరమునకు ఉత్తరపు కోస్తా రోడ్డు ఒకవైపు మాత్రమే పోవునది యగును. అక్కడినుండి కర్పాటా అను చోటు వరకు ముందుకే గాని వెనుకకు రాకూడదు. తిరిగి రావలెనన్నచో రింకాన్ గ్రామము మీదుగా చుట్టి రావలెను. ఆ దినమున ఏ రాయి ముందు, ఏది వెనుక అనునది ఇంటివద్దనే నిశ్చయించుకొననివాడు రోడ్డుమీదనే సగము పూట పోగొట్టుకొనును. రాత్రివేళ బండి నిదానముగా నడుపవలెను; గాడిదలు ఆ ద్వీపమున స్వేచ్ఛగా తిరుగుచు రోడ్డు నడుమ నిలుచుట కలదు.

ఎంత అనుభవమున్నవాడైనను మొదటి డైవు డైవింగ్ షాపువారి యెదుట, వారు చెప్పు నియమములు విన్న పిమ్మట, చేయవలెనని ఉద్యానపు కట్టడి. దానిని తప్పనిసరి తద్దినముగా భావింపక, ఆ ఉప్పు గాఢతకు ఎన్ని సీసపు బిళ్లలు కావలెనో, మాస్కు కారుచున్నదేమో, బూట్లు కరచుచున్నవేమో తెలిసికొనుటకు వినియోగించుకొనవలెను. బూట్లు అంటిని గనుక చెప్పుచున్నాను, మెత్తని అడుగు గలవి పనికిరావు. ఆ తీరము ఇసుక కాదు; చచ్చిన పగడపు ముక్కలును, రంపపు పండ్లవలె కోసుకొనిపోయిన సున్నపురాయియు. గట్టి అడుగుగల బూట్లు, వాటిమీద తొడుగుకొను ఫిన్లు సొంతముగా కొని తీసికొనిపోవుట ఈ యాత్రలో అన్నిటికంటె సార్థకమైన వ్యయము.

దిగు విధానము ఇది. ఒడ్డున నిలిచి అయిదు నిమిషములు అలలను చూడవలెను. అలలు గుంపులుగా వచ్చును. పెద్దవి మూడు నాలుగు వచ్చిన పిమ్మట కొంత విరామముండును. ఆ విరామమున జోడుగా, ఒకరి భుజమునొకరు పట్టుకొని, జాకెట్టులో కొంత గాలి నింపి, మాస్కు ముఖమున నుంచి, గాలిగొట్టము నోట పెట్టుకొని, ఫిన్లు చేతబట్టి, పాదము ఎత్తకుండ నేలను తడుముచు నడువవలెను. నడుము లోతు వచ్చినంతనే నీటిపై వాలి, తేలుచు, ఒకరు పట్టుకొనగా మరియొకరు ఫిన్లు తొడుగుకొనవలెను. మోకాలి లోతులో నిలబడి ఒంటికాలిపై ఫిన్ను తొడుగబోయినవారు పడుటను నేను ప్రతిదినమును చూచితిని. క్రింద పొడవైన నల్ల ముండ్ల సీ అర్చిన్లుండును. తగిలినచోట మంట పుట్టించు ఫైర్ కోరల్ ఉండును. చేయి ఆనించి లేవవలెనని తోచుట సహజము, కాని ఆ చేయి ఆనించుటయే గాయమునకు మూలము. చేతి తొడుగులు ఉద్యానమున నిషిద్ధములు. మొదట ఇది క్రూరముగా తోచును. తొడుగు లేని చేయి దేనినీ తాకుటకు సాహసింపదు గనుక పగడము బ్రతుకునని పిమ్మట తెలియును.

రెండవ దినమున దక్షిణ తీరమున మాకు జరిగినది చెప్పెదను. దిగినచోటు సులువుగానే యుండెను. దిబ్బ అంచున ఒక తాబేలు కనబడగా దానివెంట కొంతదూరము పోతిమి. అది గడ్డి తినుచు, నీటిపైకి పోయి ఊపిరి పీల్చి మరల దిగుచు, మమ్ము లెక్కచేయక తిరుగుచుండెను. దానిని చూచుటలో బోయా గొలుసునకు అడుగున నున్న కాంక్రీటు దిమ్మను మేము గుర్తుపెట్టుకొనలేదు. మరలి వచ్చునప్పుడు ఇదియే మన చోటని తోచిన యెడ ఒడ్డువైపు తిరిగి తేలి చూతుము గదా, రోడ్డుమీద నాలుగు తెల్లని ట్రక్కులు, నాలుగును ఒక్కతీరుగా నున్నవి, మాది ఏదో తెలియలేదు. అలసియుండుటచేత ఎదుట కనబడిన చోటనే ఎక్కబోతిమి. అక్కడ రాయి ఏటవాలుగా నుండెను. వెనుకనుండి వచ్చిన అల నన్ను ముందునకు త్రోసి, మరల లాగి, మోకాలు చీల్చెను. నెత్తురు చూచి భయపడినది నాకంటె మా మేనల్లుడు. ఎక్కిన పిమ్మట చూచితిమి: మా రాయి అక్కడికి రెండువందల గజముల అవతల నుండెను.

మరునాటినుండి మా కోడలుపిల్ల తన ఎర్రని చున్నీని ట్రక్కు వెనుక చట్రమునకు కట్టుట మొదలుపెట్టెను. గాలికి రెపరెపలాడుచు అది నీటినుండి ఎంత దూరమునకైనను కనబడెడిది. ఆమె డైవరు కాదు. ఒడ్డున గొడుగు వేసికొని పుస్తకము చదువుకొనుచు, లోతు తక్కువచోట మాస్కుతో ఈదుచు, మేము దిగిన సమయమును కాగితముపై వ్రాసి, ఫలానా వేళకు తేలనిచో ఎవరిని పిలువవలెనో తెలిసికొని యుండెడిది. పడవ డైవింగులో దిగనివారు మధ్యాహ్నమువరకు ఇంట కూర్చుండవలెను. ఒడ్డు డైవింగులో వారును యాత్రలో భాగస్వాములగుదురు. కుటుంబముతో పోవువారికి ఈ ద్వీపము తగినదని నేను చెప్పుటకు ప్రధాన కారణమిది.

గాలి లెక్క ఎట్లు చేయవలెను? సిలిండరు 200 బార్‌తో మొదలగుననుకొందము. నీటి ఒరవడి ఎటున్నదో బోయా త్రాడు వాలుటను బట్టియు, సముద్రపు విసనకర్రలు ఊగుటను బట్టియు తెలిసికొని, మొదట దానికి ఎదురుగా పోవలెను. 130 బార్ చూపినంతనే, ఎదుట ఎంత వింత యున్నను, మరలవలెను. మరలునప్పుడు ఒరవడి తోడ్పడును గనుక లోతు తగ్గించుకొనుచు, బోయా దిమ్మ కనబడువరకు వచ్చి, దిక్సూచి చూచి ఒడ్డునకు తిరిగి, అయిదు మీటర్ల లోతున మూడు నిమిషములు నిలిచి, 50 బార్‌కు తగ్గకుండ నేల చేరవలెను. ఆ దిబ్బ పైభాగముననే చేపలు మెండు గనుక ఈ చివరి భాగమే తరచు రమణీయముగా నుండును. లోతునకు పోవుటయే ఘనతయని తలచువారికి బొనైర్ నేర్పు పాఠమిదియే.

లోతున చూడదగినది లేదని కాదు. హిల్మా హుకర్ అను 72 మీటర్ల సరుకు ఓడ, లోపల దాచిన గంజాయి పట్టుబడి యజమానులు ముఖము చాటువేయగా, 1984 సెప్టెంబరు 12న అక్కడ మునిగెను. ముప్పది మీటర్ల లోతున ప్రక్కకు ఒరిగి పడుకొనియున్నది. మొదటి స్థాయి సర్టిఫికెట్టు పదునెనిమిది మీటర్లకే పరిమితము. దానితో ఆ ఓడ అడుగునకు దిగరాదు. అడ్వాన్స్‌డ్ శిక్షణ ఇంటివద్దనే పూర్తిచేసికొని రావలెను, లేదా పైనుండి దాని వైశాల్యము చూచి తృప్తిపడవలెను.

ఇక ఒక్క చోటికే మరల మరల పోవుటను గూర్చి. ఉత్తరమున ఆండ్రియా అను రాయి యొద్ద దిగుట సులువు. అక్కడ పండ్రెండు మీటర్ల లోతున ఒక పసుపు వన్నె స్పాంజీ కలదు. మొదటి రెండు పర్యాయములును దాని ప్రక్కగా ఈదిపోతిమి. మూడవ పర్యాయమున మా మేనల్లుడు ఆగి, వేలుతో చూపెను. స్పాంజీ మీది బొడిపె యొకటి కన్ను తెరచి మమ్ము చూచుచుండెను. ఫ్రాగ్‌ఫిష్ అను చేప అది. పిడికెడంత, స్పాంజీ రంగే, స్పాంజీ గరుకుదనమే. చేతులవంటి రెక్కలతో దానిని పట్టుకొని కూర్చుండి, కదలదు. కొంతసేపటికి అది నోరు తెరచి ఆవులించినట్లు చేసెను. తన తలకంటె పెద్దదైన నోరు! ఆ తరువాత ప్రతిసారియు అది అక్కడనే యుండెను. ఇరువది చోట్ల తిరిగియున్నచో ఇరువది స్పాంజీలను చూచి వచ్చియుందుము.

అదే చోట రాత్రి దిగినచో లోకము మారిపోవును. పగలు గుంపులుగా పగడమును కొరుకుచుండిన చిలుకచేపలు, తమ నోటినుండి స్రవించు జిగురుతో పలుచని దోమతెర వంటి గూడు అల్లుకొని అందులో నిద్రించును. మనిషెత్తు టార్పన్ చేపలు వెండిరేకులవలె మెరయుచు మన భుజము ప్రక్కనుండి దూసికొనివచ్చి, మన టార్చి వెలుగులో పడిన చిన్న చేపను మ్రింగిపోవును. కావున నిద్రించు చేపపై వెలుగు నిలుపరాదు, దానిని మనమే చంపించినవారమగుదుము. పున్నమి వెళ్లిన మూడవ నాడు మొదలు అయిదవ నాటి వరకు, చీకటి పడిన పిమ్మట, చంద్రుడు ఉదయింపకముందు, దీపము లార్పి నిలిచినచో ఆస్ట్రకాడ్ అను నువ్వుగింజకంటె చిన్న ప్రాణుల మగవి ఆడవానిని పిలుచుచు నీటిలో నీలపు చుక్కలను వరుసగా పేర్చుకొనుచు పోవును. టిక్కెట్టు కొనుటకు ముందు పంచాంగము చూడుమని నేను చెప్పుట ముహూర్తము కొరకు కాదు, ఈ దృశ్యము కొరకు.

దక్షిణపు కొనకు పోవువారు ఉప్పు మడులను చూతురు. గులాబి వన్నె నీళ్లు, తెల్లని ఉప్పు కుప్పలు, వాటికావల ఫ్లెమింగో పక్షులు. ఉప్పు ఓడలకెత్తు వంతెన క్రింద, స్పాంజీలు కప్పిన స్తంభముల నడుమ దిగుట అందరు కోరునది. ఓడ కట్టియున్న దినమున దిగరాదు గనుక ముందుగా విచారించుకొనవలెను. ఆ వంతెన దాటి కొంతదూరము పోయినచో ఒడ్డున రాతి గుడిసెలు వరుసగా నుండును: 1850లో బానిసల కొరకు కట్టినవి. మనిషి నిటారుగా నిలువలేడు. ద్వారమున మోకాళ్లపై వంగి దూరవలెను. వారమంతయు ఆ తెల్లని ఎండలో ఉప్పు కోసి, వారాంతమున రింకాన్‌లోని తమ ఇండ్లకు ద్వీపము పొడవున నడచి పోయెడివారు. 1863లో గాని డచ్చివారు అక్కడ బానిసత్వమును రద్దుచేయలేదు. డైవింగు పటములలో ఆ చోట్ల పేర్లు ‘తెల్ల బానిస’, ‘ఎర్ర బానిస’ అని యున్నవి. సిలిండరు వీపున వేసికొనుటకు ముందు ఆ గుడిసె యొకదానిలో వంగి ప్రవేశించి, అయిదు నిమిషములు కూర్చుండి రండు.

పగడములకిప్పుడు గడ్డుకాలము. 1980 ప్రాంతముల వ్యాధి వలన కొమ్ముల పగడము చాలవరకు నశించెను. 2023లో స్టోనీ కోరల్ టిష్యూ లాస్ అను మరియొక వ్యాధి బొనైర్‌కు చేరెను. నూరేండ్ల వయస్సుగల గుండ్రని పగడమును వారములలో తెల్లని ఎముకగా మార్చును. అదే సంవత్సరమున నీటి వేడిమి పెరిగి పగడములు తెల్లబారినవి. ఏదేని చోటు మూసివేసినచో, మూసినారని సణుగక మరియొక రాయి చూచుకొనవలెను. ఒకచోట తడిసిన సామగ్రిని షాపువారు చెప్పిన మందునీళ్లలో ముంచి గాని మరియొకచోట దింపరాదు. ఎండకు ఒంటికి లేపనములు దట్టముగా పూసికొనుటకంటె నిండు చేతుల చొక్కా తొడుగుకొనుడు. ఇవి చిన్న పనులేగాని, రోజునకు నాలుగు చోట్లు తిరుగువానికి ఓపిక చాలదు. అల్పసంఖ్యతో తృప్తిపడువానికి సాధ్యము.

డైవింగు బీమా లేకుండ వెళ్లరాదు. ద్వీపపు ముఖ్యపట్టణమైన క్రాలెన్‌డైక్ ఆసుపత్రిలో రీకంప్రెషన్ చాంబరు కలదు. అది యున్నదను ధైర్యము మంచిదే గాని దాని అవసరము రాకుండ చూచుకొనుట మంచిది. దినదినము దిగుచుండినవారి రక్తములో నత్రజని మిగిలియుండును. చివరి డైవునకును విమానమునకును నడుమ పదునెనిమిది గంటలైనను వ్యవధి యుండవలెను, పూర్తి దినము మరింత శ్రేయము. ఆ ఎండు దినమును నష్టమని తలపక, రింకాన్ పోయి, గోటోమేర్ సరస్సు చూచి, సామగ్రిని మంచినీట కడిగి ఆరబెట్టుకొనుడు; తడి వెట్‌సూట్ బరువునకు విమానమువారు డబ్బు అడుగుదురు.

మేము ఆ దినమును అట్లే గడిపితిమి. సాయంకాలము వసారాలో బూట్లు ఆరుచుండగా మా మేనల్లుడు లాగ్‌బుక్కు తిరగవేసి, “పదిహేడు మావయ్యా. అందులో ఆరు ఆ ఒక్క రాయి దగ్గరే” అనెను. కొంతసేపు ఊరకుండి, “దాని ఆవులింత నేనొక్కసారే సరిగ్గా చూశాను. మీరు?” అని అడిగెను. రెండుసార్లని చెప్పితిని. కోడలుపిల్ల క్రిందికి పోయి, ట్రక్కు చట్రమునకు కట్టిన చున్నీని విప్పి తెచ్చెను. ఉప్పు పట్టి అది అట్టవలె బిగుసుకొనిపోయి, మడత పడలేదు.